పెద్దబాపు గుర్తుపట్టిన జీబ్రా

ఇంట్లో కూర్చొనే ఆఫ్రికా అడవికి సేవ చేస్తున్నానని మూడు నెలలుగా గొప్పలు పోతున్నాను కదా, ఇవాళ మా నాన్న వాళ్ల అన్న, మా పెద్దబాపు, నా గాలి తీసేశారు.

అక్కడ చెట్లకు కట్టిన కెమెరాల్లో పడిన జీబ్రాల ఫొటోలు నాలాంటి వలంటీర్లకు వస్తాయి. ఏ రెండు జీబ్రాల చారలూ ఒకేలా ఉండవు. పాత ఫొటోలతో పోల్చి, ఇది ఏ జీబ్రానో మేం చెప్పాలి. పొద్దున ఒకదానితో గంటసేపు కుస్తీ పట్టి, విసుగొచ్చి 'కొత్తది' అని నొక్కబోయాను.

నలభై ఏళ్లు మగ్గం మీద జంపఖానాలు నేసిన పెద్దబాపు, చాయ్ తాగుతూ నా వెనక నుంచి చూస్తున్నారు.

"ఆగు బిడ్డా. ఇది ఇందాక వోయినదే. జబ్బ కాడ చార రెండు పాయలైంది, నడుమ చిన్న ముక్క ఉన్నది, సూడు."

పాత ఫొటోలు మళ్లీ తిరగేశాను. అదే! వెంటనే రాసి పంపాను.

సాయంత్రం అక్కడి పరిశోధకురాలి జవాబు వచ్చింది. వేటగాళ్ల ఉచ్చులో పడి, గాయంతో తప్పించుకుపోయిన జీబ్రా అట అది. చచ్చిపోయిందనే అనుకున్నారట. ఇవాళ్టి ఫొటోలో దాని పక్కన పిల్ల కూడా ఉంది.

ఆ సంగతి పెద్దబాపుకు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకొని దగ్గరికి జరిగారు.

"ఆ పిల్ల ఫొటో జర పెద్దగ జెయ్యి. దాని చారలు గూడ యాది వెట్టుకుంట."

ఇప్పుడు చెప్పండి, నాకు రాబోయే వలంటీరు సర్టిఫికెట్ మీద ఎవరి పేరు రాయించాలి? నా పేరు చెప్పేవాళ్లు ఒక్కరైనా ఉంటే మొహమాటపడకండి.