కోత పండుగలో పాడుకున్న ఇంజన్ మందు

నా పెద్దకొడుకు వీల్ పానాతో కొట్టి తమ్ముడి ఎడమచేయి విరగ్గొట్టాడు. విన్నవాళ్లు భూమి తగాదా అనుకున్నారు. మాకు భూమి ఎక్కడిది? తగాదా ఇంజన్ ఆయిల్‌లో కలిపే మందు మీద. గుప్పిట్లో పట్టే సీసా అది.

మా ఆయన శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పనిచేసి పోయాడు. ఆయన పోయాక చేతికొచ్చిన దానితో ఒకరు వాడిన కారు కొన్నాం. పగలు పెద్దవాడు, సాయంత్రం నుంచి చిన్నవాడు నడిపేవారు. మంచిర్యాల, చెన్నూరు, పెళ్లిళ్లు, దవాఖానాలు, ఎటు కిరాయి దొరికితే అటు. మా పొయ్యి మీద ఎసరు పడేది ఆ కారు తిరిగితేనే. నేను మిషన్ బడిలో మూడో తరగతి దాకా చదివినదాన్ని, బండి నడపడం రాదు. కానీ రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తించి, నూనె చూసే పుల్ల లాగి, పాత చీరముక్కతో తుడిచి, మళ్లీ ముంచి గీత చూసేదాన్ని. తక్కువైతే పోయించేదాన్ని. పప్పులో నీళ్లు చూసుకోనా? ఇదీ అంతే.

ఈ గొడవ జరిగిన ఏడాది కారు నూనె తాగడం మొదలుపెట్టింది. వెనక గొట్టంలోంచి నీలం పొగ వచ్చేది. నస్పూర్‌లో మెకానిక్ చప్పుడు విని, నూనె పైకెక్కి కాలిపోకుండా ఆపే రింగులు అరిగాయి, ఇంజన్ దించి పని చేయాలన్నాడు. చిన్నవాడు దించుదామన్నాడు. పెళ్లిళ్ల కాలంలో బండి షెడ్డులో పెడితే పట్టిన కిరాయిలన్నీ పరాయివాళ్ల పాలవుతాయని పెద్దవాడు అడ్డం తిరిగాడు. ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నవాళ్లు. ఆ రోజు నుంచి తాళంచెవి చేతికివ్వడం మానేసి ఒకరి కాళ్ల దగ్గర ఒకరు విసిరేసేవారు.

అంతలో మా చర్చిలో కోత పండుగ వచ్చింది. పొలం ఉన్నవాళ్లు వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు తెస్తారు. పొలం లేనివాళ్లు తమ పనిలో నుంచి ఏదైనా తెచ్చి పెడతారు. అయ్యగారు అన్నిటి మీదా చేతులుంచి ప్రార్థన చేస్తారు, ఆ తర్వాత వేలం. దేవుడి సొత్తు కాబట్టి పాడుకున్నదాన్ని ఎవరూ వాపసు ఇవ్వరు, బాగాలేదని నోరు తెరిచి అనరు. లోపల కుళ్లిన గుమ్మడికాయనైనా కళ్లకద్దుకుని తీసుకుపోతారు. ఆ ఏడాది మోటారు సామాన్ల దుకాణం నడిపే మా సంఘంవాడు ఒక పెట్టె నిండా ఇంజన్ మందు సీసాలు తెచ్చాడు.

"పొగ బందైతది, సప్పుడు బందైతది, ముసలి ఇంజన్ పడుసుదైతది!" అని వేలంలో వాడే అరిచాడు.

పెద్దవాడు పాట ఎత్తాడు. వెనక బెంచీ నుంచి చిన్నవాడు గట్టిగా, "అన్నా, రింగులకు ప్రార్థన జేపిస్తున్నవా? జర నీ నెత్తికి గూడ రాసుకో, గాడ గూడ అరిగింది" అన్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి కూడా నవ్వు వచ్చింది. పెద్దవాడి మెడ నరాలు ఉబ్బాయి. ఎవరో పోటీ పాడుతుంటే పెట్టెను చూడకుండా తమ్ముడినే చూస్తూ పాట పెంచుకుంటూ పోయాడు. పెట్టె దక్కింది. బయట మెట్ల మీద తమ్ముడి కాలర్ పట్టి గుంజితే గుండీలు రాలిపోయాయి. పండుగ పూట అని నేను చూడలేదు. ఇద్దరి చెంపలూ వాయించాను.

మందు పోశాడు. పొగ నిజంగానే తగ్గింది. ఇంజన్ గొంతు కూడా మెత్తబడింది. మర్నాడు నేను పుల్ల లాగి నూనెను వేళ్ల మధ్య రుద్ది చూస్తే జీడిలా సాగింది. పెద్దవాడు నా చేతిలో గుడ్డ లాక్కుని పారేశాడు.

"ఇగ రోజూ గా పుల్ల గుంజకే అవ్వా. పొగ వోయింది సూస్తలెవ్వా? ప్రార్థన జేసినదాని మీద గూడ అనుమానమేనా?"

ఏడ్చే పిల్ల నోట్లో గుడ్డ కుక్కినా ఇల్లు నిమ్మళంగానే ఉంటుంది. ఆ ఇంజన్ సంగతీ అంతే అనిపించింది నాకు. పొగ కనిపిస్తున్నంతకాలం నూనె పోసేవాళ్లం. పొగ పోయింది గనక పోయడం మానేశాడు. లోపల అది తాగుతూనే ఉంది.

ఒక సాయంత్రం పెద్దవాడు వాకిట్లో టైరు మార్చి, బోల్టులు బిగించి లేస్తున్నాడు. చిన్నవాడు బానెట్ ఎత్తి పుల్ల లాగాడు. కొసకు నల్లటి జిగురు తప్ప ఏమీ లేదు. దాన్ని తెచ్చి అన్న ముఖం ముందు పెట్టాడు.

"నాకి సూడు! దేవుని మందు గదా, నాలికతోని నాకు!"

పుల్ల కొస అన్న బుగ్గ మీద నల్లగా గీసుకుపోయింది. పెద్దవాడి చేతిలో పానా ఉంది. నేను అరిచేలోపే దిగింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. చిన్నవాడు వేలాడుతున్న చేయితోనే అన్న కడుపులో తన్నాడు. పెద్దవాడు మళ్లీ పానా ఎత్తాడు. నేను బట్టలుతికే కట్టె తీసుకుని అది కిందపడేదాకా వాడి భుజం మీద కొట్టాను.

చిన్నవాడి ముంజేయి మధ్యలో వంగిపోయింది. దాన్నే చూస్తూ, "అవ్వా, గేరేసే చెయ్యే" అన్నాడు. నొప్పి అనలేదు, ఆ మాటే అన్నాడు. ఆ చేయి లేకపోతే వాడికి స్టీరింగ్ లేదు, వేరే పని రాదు.

మంచిర్యాలలో ఎముకల డాక్టరు దగ్గరికి ఆ కారులోనే బయలుదేరాం. ఇంట్లో నూనె డబ్బా లేదు. పెద్దవాడు మిగిలిన సీసాలు ఒకదాని తర్వాత ఒకటి ఇంజన్‌లో గుమ్మరించాడు. ఇదీ నూనెలాంటిదే, అందాకా పోతదిలే అనుకున్నాడు. నస్పూర్ దాటకముందే లోపల సుత్తితో కొట్టినట్టు మోత మొదలైంది. ఎర్ర దీపం వెలిగింది. వాడు ఆపలేదు. ఒక్కసారిగా ఇంజన్ పట్టేసింది, కారు అడ్డం తిరిగింది. వెనక వస్తున్న బొగ్గు టిప్పర్ కీచుమంటూ మా అద్దానికి ఆనుకునేంత దగ్గరలో ఆగింది. విరిగిన చేయి తలుపుకు కొట్టుకుని చిన్నవాడు పెట్టిన కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది.

పెద్దవాడు దిగి, పానా తీసి, పొగలు కక్కుతున్న ఇంజన్‌ను ఎక్కడ పడితే అక్కడ బాదడం మొదలుపెట్టాడు. నేను జుట్టు పట్టి వెనక్కి గుంజాను.

"సచ్చినదాన్ని గొడ్తవేందిరా! బతికున్నోన్ని లేపు!"

టిప్పర్ డ్రైవర్ మమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. తిడుతూనే చిన్నవాడిని క్యాబిన్‌లోకి ఎక్కించాడు.

ఎట్లా విరిగిందని డాక్టరు అడిగితే చిన్నవాడు, "జారి పడ్డ సార్" అన్నాడు.

"పడలే. ఆళ్ల అన్న గొట్టిండు, గట్లనే రాయుండ్రి" అన్నాను నేను. పెద్దవాడు గోడకు ముఖం పెట్టుకుని నిలబడ్డాడు. లోపల రాడ్ వేశారు. వేళ్లకు పట్టు వస్తుందో రాదో కట్టు విప్పాకే తెలుస్తుందని డాక్టరు చెప్పాడు.

ఇంజన్ విప్పినప్పుడు నేను వెళ్లి చూశాను. అడుగున నల్లటి బంక. నూనె పీల్చే జల్లెడ పూడిపోయింది. నూనె పైకి ఎక్కక ఇనుము ఇనుమును కొరుక్కు తింది. తర్వాతి ఆదివారం చర్చి బయట అందరి ముందూ దుకాణంవాడిని అడిగాను. కోత పండుగ సొత్తు గురించి అట్లా అడగడం మా దగ్గర ఎవరూ ఎరగరు.

"నీ బండిల గీ మందు వోస్తవా?"

"నేనెందుకు పోస్త పెద్దవ్వా? నా బండి మంచిగనే ఉన్నది" అన్నాడు.

నాకు కావలసిన జవాబు అదే. మంచిగా ఉన్న ఇంజన్‌కు ఆ సీసా అక్కర్లేదు. కలపాల్సినవన్నీ ముందే కలిపి నూనె డబ్బా అమ్ముతారు, వేళకు మార్చుకుంటే చాలు. అరిగిపోయిన ఇంజన్‌లో ఎన్ని సీసాలు పోసినా అరిగిన ఇనుము తిరిగి పుట్టదు. నాలుగు రోజులు చప్పుడు దాస్తుంది, అంతే. దానిమీద ఎన్ని ప్రార్థనలు చేసినా నా మాట ఇదే.

కొత్త రింగులు పడి కారు ఇల్లు చేరేసరికి చిన్నవాడి కట్టు విప్పారు. చేయి సన్నబడి కట్టెలా ఉంది. వాకిట్లోనే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పక్క సీటులో అన్న. ఫస్ట్ పడింది. సెకండ్ పడింది. రివర్స్‌కు కిందికి నొక్కి లాగాలి. వేళ్లు జారిపోయాయి. మళ్లీ జారిపోయాయి. వాడి నుదుటి మీద చెమట పట్టింది.

"ఆగు తమ్మీ, నేనేస్త" అని పెద్దవాడు చేయి పెట్టబోయాడు.

చిన్నవాడి ఎడమచేయి గేరు మీద నుంచి లేచి, వెనక్కి తిరిగి అన్న ముఖం మీద పడింది. ముక్కులోంచి రక్తం కారి అంగీ మీదికి వచ్చింది. పెద్దవాడు చేయి ఎత్తలేదు, తుడుచుకోనూ లేదు. చిన్నవాడు తన వేళ్లను తానే చూసుకుని, పిడికిలి బిగించి విప్పాడు.

"ఇంగోటి గొట్టు బిడ్డా, వేళ్లు సాగుతయి" అన్నాను.

పెద్దవాడు ముఖం తమ్ముడి వైపే ఉంచాడు.