తోమా అతికించిన పైపలక

తోమా సంగతి ఎవరడిగినా నాకు ఒళ్ళు మండుతుంది. తోమా మీద కాదు. నారాయణఖేడ్‌లో కల్హేర్ రోడ్డు మీద నాది వెల్డింగు షాపు, పక్కనే వాడి వడ్రంగి కొట్టు. మధ్యలో ఒక రేకు గోడ. వాడు దగ్గినా నాకు వినపడుతుంది.

హైదరాబాదులో గిటార్లు చేసే కార్ఖానాలో జుట్టు నెరిసేదాకా పనిచేశాడు. చేసింది వీడు, లోపల అతికించే చీటీ మీద పేరు సేటుది. కార్ఖానా మూతపడ్డాక ఇంటికొచ్చి తలుపులు, మంచాలు, బెంచీలు చేస్తూ కూర్చున్నాడు. వీడు గిటారు చేస్తాడంటే ఊళ్ళో నమ్మినవాడు లేడు. చివరికి చర్చి కమిటీవాళ్ళు, సరే, కోతకాలం పండుగకు ఒకటి చేసి చూపించు, బాగుంటే చుట్టుపక్కల సంఘాలకు కూడా చెబుతాం అన్నారు. తలుపుల పని నుంచి బయటపడటానికి వాడికున్న దారి అదొక్కటే. ఆ మాట నాతో చెప్పినప్పుడు వాడి మొహం చూడాలి, పెళ్ళికొడుకు కూడా అంత వెలగడు.

పక్క చెక్కలు వంచడానికి ఇనుప గొట్టం నేనే చేసిచ్చాను. కాలే గొట్టం మీద తడి జిట్రేగి చెక్కను అదిమి అదిమి గిటారు నడుము తీర్చాడు. అసలు పని పైపలకదట. గిటారు పలికేది దానివల్లే, మిగతాదంతా దాన్ని మోసే డబ్బా అనేవాడు. దేవదారు పలకను వేలితో తడితే మోగేంత పలచగా చిత్రిక పట్టాడు. పలక కూర్చోవడానికి పక్కల అంచు లోపల చుట్టూ సన్న పట్టీ అతికించాడు. సుద్ద పూసిన చదును బల్ల మీద ఆ అంచును బోర్లించి రుద్దేవాడు. సుద్ద ఎక్కడ అంటితే అక్కడ ఎత్తు, అక్కడ గీకాలి. తర్వాత పలక పెట్టి, లోపల బల్బు వెలిగించి, సందుల్లోంచి వెలుతురు వస్తుందేమోనని చుట్టూ వంగి చూసేవాడు. మళ్ళీ గీకడం, మళ్ళీ చూడటం. చాలించి అతికించరా నాయనా అని నేను గోడవతలి నుంచి తిట్టేవాణ్ణి. వెల్డింగువాళ్ళకు సందు కనిపిస్తే నింపడమే తెలుసని నవ్వేవాడు.

అతికించే రోజు వాడి మామ హనోకు వచ్చాడు. తోమా పెళ్ళాం రిబ్కమ్మకు తండ్రి. భార్య పోయాక ఆయనకు చర్చి తప్ప వేరే లోకం లేదు. ఎవరి బర్రె ఈనినా, ఎవరు బోరు వేసినా ప్రార్థన నూనె సీసా జేబులో వేసుకుని బయల్దేరతాడు. తోమా జిగురు తేవడానికి వెనక గదిలోకి వెళ్ళొచ్చేసరికి ముసలాయన కళ్ళు మూసుకుని, అంచు పట్టీ పొడవునా నూనె రాస్తూ ప్రార్థిస్తున్నాడు. అప్పుడే క్లాంపులు మోసుకొచ్చిన నేను గుమ్మంలో కొయ్యబారిపోయాను. నూనె తాగిన చెక్కకు జిగురు పట్టదని నాకే తెలుసు, వాడికి తెలియదా? ఆ పట్టీ మొత్తం ఊడదీసి కొత్తది వేయాలి. వేయాలంటే, మామా, నీ ప్రార్థన నా పని చెడగొట్టింది అని చెప్పాలి. ఆయనేమో అల్లుడి చేతిపని చూడాలని తడికళ్ళతో అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

తోమా గుడ్డ అందుకున్నాడు. స్పిరిట్‌తో తుడిచాడు, గీకాడు, జిగురు రాసి పలక అతికించాడు, చుట్టూ క్లాంపులు బిగించాడు. ఆయన వెళ్ళగానే ఊడదియ్యమని నేను పోరాను. మర్నాడు క్లాంపులు తీసి అంచంతా వేలితో నొక్కి చూశాడు. ఎక్కడా కదల్లేదు. పండుగ ముంచుకొచ్చింది, పట్టిందిలే అన్నాడు. ఆశ అలాంటిది, దాని నోట్లో మన్నుపడ.

పండుగనాడు నేనూ వెళ్ళాను. వాడి కూతురు రోజ గిటారు పట్టుకుని పాట ఎత్తుకుంది. ఎంత బాగా పలికిందో ఏం చెప్పను, వెనక వరుసల్లో ముచ్చట్లు ఆగిపోయాయి. రెండో పాట మధ్యలో తీగల లాగుడుకు పైపలక అంచు చటుక్కున లేచింది. తీగలు వదులై వికారంగా మూలిగాయి. ఎవరో కిసుక్కుమన్నారు.

అప్పుడు లేచాడు హనోకు. అందరి ముందు అల్లుడి వైపు చెయ్యి చూపించాడు.

"ప్రార్థన జేసిన పని ఊకెనే ఊడదు. వీని చెయ్యిల విశ్వాసం లేదు."

తోమా తల దించుకున్నాడు. రోజ గిటారును కడుపుకు హత్తుకుని అలాగే నిలబడిపోయింది. నిజం అక్కడే కక్కేద్దామని నేను లేచాను. తోమా నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

"ఒద్దు అంబదాస్. గా ప్రార్థన తప్ప ముసలోనికి ఇంకేం మిగల్లే."

"మరి నీకేం మిగిలిందిరా?"

వాడు లోపలికెళ్ళి రోజ దగ్గర గిటారు తీసుకున్నాడు.

పట్టీ మార్చి మళ్ళీ అతికించి తెస్తానని తోమా అన్నా కమిటీవాళ్ళు వినలేదు. పట్నం వెళ్ళి తళతళలాడే కంపెనీ గిటారు కొనుక్కొచ్చారు. ఆ తర్వాత ఒకరోజు హనోకు మొహం చాటంత చేసుకుని తోమా కొట్టుకు వచ్చాడు. కొత్త గిటారు పెట్టడానికి అద్దాల తలుపుల అల్మారా కావాలట. వేరే వడ్రంగికి ఇస్తామంటే, తానే బతిమాలి ఈ పని అల్లుడికి ఇప్పించాడట.

"ఎవలు ఏమన్నా, నీ మీద నాకు నమ్మకముంది బిడ్డా," అన్నాడు.

రేకు గోడకు ఇవతల నేను పళ్ళు కొరుక్కున్నాను. తోమా టేపు తీసుకుని, ఆ గిటారు కొలతలు తియ్యడానికి మామ వెనక చర్చికి నడిచాడు.