కటింగ్ బల్లలో టర్న్‌టేబుల్

మగవాళ్లకు యాభై దాటితే బీపీ వస్తుందని విన్నాను. మా ఆయనకు రైళ్లొచ్చాయి. ఈ పరాయి దేశంలో, బుకిట్ పంజాంగ్ అనే పేటలో మా ఫ్లాట్‌కున్న మూడు పడగ్గదుల్లో చిన్నదాన్ని ఆ బొమ్మ రైళ్లే ఆక్రమించాయి. చెక్క మీద పట్టాలు, అరచేయంత స్టేషను, స్పాంజితో చేసిన చెట్లు. బొమ్మలు అనకూడదట, మోడల్స్ అనాలట. నా తలకాయ, మోడల్సే అందాం.

ఆ గదిలోనే కిటికీ పక్కన, పట్టాల చెక్కకు ఆనుకుని నా కటింగ్ బల్ల ఉంది. చుట్టుపక్కల బ్లాకుల్లో ఆడవాళ్లకు పన్నెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ఈ ఊళ్లో ఇది నాది అని చెప్పుకోవడానికి నాకున్నది ఆ బల్ల ఒక్కటే.

ఉన్నట్టుండి ఆయనకు కొత్త దిగులు పట్టుకుంది. ఆవిరి ఇంజిన్ ఆఖరి స్టేషను దాకా వెళ్లి, వచ్చేటప్పుడు వెనక్కి నడుస్తోందట, చూడ్డానికి అప్రదిష్టగా ఉందట. దాని ముఖం తిప్పడానికి టర్న్‌టేబుల్ కావాలట. అంటే ఓ గుండ్రటి గుంట, అందులో గిరగిరా తిరిగే చిన్న వంతెన. ఇంజిన్ ఎక్కుతుంది, వంతెన తిరుగుతుంది, ఇంజిన్ దిగుతుంది. ఇంత సంబడానికి, బ్యాంకులో సాఫ్ట్‌వేర్ నడిపే పెద్దమనిషి కొంపలు మునిగినట్టు వారం రోజులు వీడియోలు చూశారు.

శనివారం పొద్దున నేను మార్కెట్‌లో చేపలు కొనుక్కుని వచ్చేసరికి లోపల రంపం చప్పుడు. వెళ్లి చూస్తే నా బల్ల మధ్యలో పళ్లెమంత కన్నం. ఆయన తగుదునమ్మా అని చెక్కపొడి ఊదుతున్నారు.

"ఏవండీ, ఇదేం పని?"

"నా రైళ్ల బోర్డులో చోటు లేదే. అయినా బల్లేగా! పైన గుడ్డ పరిస్తే కన్నం కనపడదు."

కనపడదట! కన్నం దగ్గర గుడ్డ కుంగుతుంది, కత్తెర పక్కకు పోతుంది, చంక దగ్గర కొలత తప్పుతుంది. వంటింట్లోకి పోయి చేపలు కడుగుతూ ఏడ్చాను. సోమవారానికి ఇవ్వాల్సిన పెళ్లికూతురి జాకెట్‌ను హాల్లో నేల మీద పరిచి, మోకాళ్ల మీద వంగి కత్తిరించాను.

మధ్యాహ్నానికి ఘనకార్యం పూర్తయింది. నన్నూ మా అమ్మాయినీ పిలిచి, ఆయన ముద్దుల నల్ల ఇంజిన్‌ను వంతెన మీదికి నడిపించారు. దాని ముక్కు వంతెన అవతలి కొసకు చేరింది. వెనకున్న బొగ్గుపెట్టె ఇంకా వంతెన ఎక్కనే లేదు. అయినా మీట నొక్కారు. వంతెన ఓ మూలుగు మూలిగింది, ఇంజిన్ పట్టాలు తప్పి గుంటలోకి ఒరిగింది.

"నాన్నా, యూ నెవర్ మెజర్ ఆ?" అంది మా అమ్మాయి, ఇక్కడి ఇంగ్లీషులో.

నా మెడలోని టేపు తీసి కొలిచాను. వంతెన కన్నా ఇంజిన్ రెండంగుళాలు పొడుగు. కొలవకుండా కోసిన నిర్వాకం చూడండి!

"ఇంజిన్నే కాస్త కోసేయండి. కోయడం మీకు అలవాటేగా" అన్నాను.

రెండు వారాలకు ఇంకా పెద్ద టర్న్‌టేబుల్ పార్సిల్‌లో దిగింది. సిగ్గనేది ఉంటేగా!

"నీ బల్లలో కన్నం ఇంకాస్త పెద్దది చేస్తే సరిపోతుందే" అన్నారు.

నేను టేపు, సుద్ద పట్టుకుని ఆయన ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకునే టేకు బల్ల దగ్గరికి వెళ్లాను. ల్యాప్‌టాప్ పక్కకు జరిపి, కొలిచి, చక్కగా గుండ్రంగా గీశాను.

"సరిగ్గా సరిపోతుంది. ఇక్కడ కోయండి."

"నీకేమైనా పిచ్చా? ఇది నేను పని చేసుకునే బల్ల!"

"బల్లేగా! పైన ల్యాప్‌టాప్ పెడితే కన్నం కనపడదు."

చేతిలోని రంపాన్ని ఆ సుద్ద గీత పక్కన పెట్టేశారు. తర్వాత చెప్పులేసుకుని కిందికి దిగారు. గంటకు కొత్త ప్లైవుడ్ చెక్క మోసుకొచ్చి, నా బల్ల పైచెక్క విప్పడం మొదలుపెట్టారు. కొత్తదాన్ని నా బల్ల కొలతకు కోయబోతూ ఆగి, తలెత్తకుండానే చెయ్యి చాపారు.

"ఓసారి ఆ టేపు ఇస్తావా?"