మా మామ పాతిన అమ్మవారు

మా అత్తవారి వంశానికి పొలం సంపాదించే పద్ధతి ఒకటుండేది. ముందు గేదెను కట్టేయడం, తరువాత గేదెకు నీడ కోసమని పాక వేయడం, ఆ పైన పాకలోకి మనుషులు దూరడం. అవి యుద్ధం రోజులు. నేను నరసరావుపేట దగ్గరి పల్లె నుంచి మాచర్ల అడవి అంచుకు కాపురానికి వచ్చేసరికి మనుషులు దూరడం కూడా అయిపోయింది. సర్కారు చెంచులకు విడిచిపెట్టిన నేలలో, వాళ్ళు చదును చేసుకున్న చేలో, మా పాకా మాలాంటివాళ్ళ పాకలూ లేచాయి. "ఇదంతా ఉత్త బీడమ్మా. మనమొచ్చాకే చేనైంది," అని మామ నాకు గర్వంగా చూపించాడు. ఆ బీడు చుట్టూ నడుమెత్తు రాళ్ళ కట్ట ఎవరు పేర్చారో మాత్రం చెప్పలేదు.

పేర్చింది ఒక చెంచు అవ్వ, ఆమె మొగుడు. మొగుడు పోయాక అవ్వ కొడుకూ కోడలూ మనవలతో గుట్ట వాలులో రాళ్ళ మధ్య ఉంటోంది. విత్తనాల వేళకు వచ్చి కట్ట అవతల నిలబడేది. "ఈ వానలకన్నా నా చేలో నా ఇత్తనం పడకపోతే పిల్లల్నేసుకుని నాపరాళ్ళ క్వారీకి పోవాల్సిందే," అనేది.

"పో, ఎవరొద్దన్నారు? క్వారీలో చానా పనుంది," అనేవాడు మామ. పక్కవాళ్ళ బతుకుతెరువు గురించి ఆయనకు ఎప్పుడూ మంచి సలహాలే తోచేవి.

ఇంతలో మమ్మల్ని ఆ నేల మీంచి లేపేయడానికి తాసీల్దారు వస్తున్నాడని కబురొచ్చింది. అంతకుముందూ ఒకసారి లేపారట. అధికారుల బండి గుట్ట మలుపు తిరగ్గానే మావాళ్ళు తిరిగొచ్చి కూర్చున్నారట. ఈసారి ఆ శ్రమ కూడా లేకుండా మామ ఒక ఉపాయం పన్నాడు. వాగులోంచి ఒక బండను దొర్లించుకొచ్చి, చేను నడుమ పాతి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, అమ్మవారన్నాడు. అది నేను రోజూ ఆయన పంచెలు బాదే బండ.

"మామయ్యా, ఇంక బట్టలెక్కడ ఉతకను?" అన్నాను.

"ఏమే, కళ్ళు పోతాయి! నోరు ముయ్," అని అత్త నా మీదికి లేచింది.

తాసీల్దారూ గార్డులూ వచ్చి మా పాకలోనే మజ్జిగ తాగారు. తాగి, మూతి తుడుచుకుని, ఆ పాక కప్పే పీకబోయారు. మామ పరుగెత్తి బండను కావలించుకున్నాడు. "ఇది నా నేల కాదు దొరా, అమ్మ నేల! అమ్మ సెలవు లేకుండా ఇందులో నాగలి పెట్టినోడి వంశం నాశనమైపోద్ది!" అన్నాడు. కరణం ముందు, ఊరి జనం ముందు, కట్ట అవతల నిలబడ్డ అవ్వ ముందు, కర్పూరం వెలిగించి మరీ ఒట్టేశాడు. గార్డులు గునపాలు పక్కన పడేసి దండాలు పెట్టారు. తాసీల్దారు చెప్పులు విప్పి, కొబ్బరికాయ కొట్టించి, చెప్పులు తొడుక్కున్నాడు.

"అమ్మవారు ఇక్కడే ఉంటుంది. మీరు లేవండి," అన్నాడు.

సాయంత్రానికి పాకలన్నీ బండ్లకెక్కాయి. "పుట్టి పెరిగిన నేల నించి తరిమేస్తన్నారే," అని మామ వలవలా ఏడ్చాడు. ఆయన పుట్టింది చిలకలూరిపేట దగ్గర. నేను కొంగు నోట్లో కుక్కుకుని బండి చాటుకు పోయాను.

ఎంతో దూరం పోలేదు, పిలిస్తే పలికే దూరంలో దిగాం. అమ్మవారికి నైవేద్యం పెట్టుకుంటామంటే ఎవరు కాదంటారు? మంగళవారం పొద్దున పొంగలి కుండ నా నెత్తిన పెట్టారు. నా వెనక బండి, బండిలో గడ్డి, గడ్డి కింద నాగలి. చేలోకి వెళ్ళేసరికి బండ దగ్గర అవ్వ కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుంది, ముఖం నిండా పసుపు, చేతిలో వేపమండ. మమ్మల్ని చూడగానే ఊగడం మొదలుపెట్టింది.

"ఎవడ్రా నాగలి తెచ్చింది? ఇది నా నేలన్నావు. నా సెలవు లేకుండా నాగలి పెట్టినోడి వంశం నాశనమన్నావు. నా సెలవు చెంచుబిడ్డలకిచ్చా. నువ్వు పెట్టరా, చూద్దాం!"

గడ్డి కింది నాగలి అమ్మవారికి ఎట్లా కనబడిందా అని మామకు చెమటలు పట్టాయి. దాని కొస బండి వెనక బారెడు బయటికొచ్చి ఉంది. అది ఆయన తప్ప అందరం చూశాం. తాసీల్దారుకే జడవని మనిషి ఆ ఉతుకుడు బండ ముందు బోర్లా పడి, "తప్పయింది తల్లీ," అని లెంపలేసుకున్నాడు. బండి అక్కణ్ణుంచే వెనక్కి తిప్పారు. నాకు భలే సంతోషమైంది, దాచుకోవడమెందుకు!

వానలు పడ్డాయి. అవ్వ కొడుకు ఆ చేలో జొన్న విత్తాడు. క్వారీకి ఎవరూ పోలేదు. అమ్మవారి కోపం చల్లారాలని మామ మంగళవారం పొంగలి మాననివ్వలేదు. మోసేది నేను, తినేది అవ్వ మనవలు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"అవ్వా, నిజం చెప్పు. ఆ రోజు నీకు అమ్మ పూనిందా?"

అవ్వ చిన్నపిల్ల మూతికంటిన పొంగలి తుడుస్తూ, "నేను చెప్పింది మీ మామ మాటలే గదమ్మా. ఆయన చెప్పిననాడు, పూనిందా అని ఆయన్ని అడిగావా?" అంది.

ఖాళీ కుండ కడిగి నెత్తిన పెట్టుకున్నాను.

"వచ్చే మంగళారం బెల్లం ఇంకాస్త ఎక్కువెయ్యమను మీ అత్తని," అంది అవ్వ వెనక నుంచి. "అమ్మ అడిగిందని చెప్పు."