స్క్రీన్ వచ్చేదాక

సూర్యాపేటలో నా ఆన్‌లైన్ సెంటర్ బల్ల మీద పాత కంప్యూటర్‌ను పక్కకు ఒరిగించి, మూత విప్పి, రిపేర్లు చేసే అన్వర్ భాయ్ లోపలి నుంచి చిన్న స్కేలు ముక్క లాంటి ఆకుపచ్చ పట్టీ ఒకటి ఊడబెరికాడు. దాని కింది అంచున బంగారు రంగు పళ్లుంటాయి. నా బిడ్డ కంపాస్ డబ్బాలోంచి పండ్ల వాసన వచ్చే రబ్బరు అడిగి తీసుకుని, ఆ పళ్లను అటూ ఇటూ రుద్దడం మొదలుపెట్టాడు. రుద్దిన కొద్దీ రబ్బరు వేడెక్కి, దుమ్ము వాసనా పండ్ల వాసనా కలిసి సెంటర్ అంతా కమ్ముకుంది.

ఆ పట్టీని ర్యామ్ అంటారు. వంటింటి గట్టు లాంటిది అది. గట్టు ఎంత వెడల్పుంటే అన్ని గిన్నెలు ఒకేసారి పరుచుకోవచ్చు. ఇప్పుడు గిన్నెలు పెరిగాయి, పెద్దవయ్యాయి, గట్టు మాత్రం అదే. నెల రోజులుగా అన్వర్ భాయ్‌ని ఒకటే అడుగుతున్నాను, ఇంకో ర్యామ్ వేయించాలా, వద్దా అని. "సాఫ్ట్‌వేర్లు పెద్దగైతున్నయ్ అన్నా, డబ్బా ఏమో గదే. ఏస్తే జర ఉర్కుతది. ఏయకుంటె గిట్లనే నడుస్తది" అంటాడు. అది జవాబో కాదో నాకు తెలియదు. హాల్ టికెట్ కోసం వచ్చిన పిల్లలు స్క్రీన్ వచ్చేదాక నిలబడలేక పక్క సెంటర్‌కు పోతున్నారు. బుద్ధి ఉన్నవాడెవడైనా వేయించేస్తాడు. నాకెందుకో 'సరే' అనే మాట నోటి దాకా వచ్చి ఆగిపోతున్నది.

ఎందుకు ఆగుతున్నదో ఆ రబ్బరు వాసన చెప్పింది. చెప్పిందని అనుకుంటున్నాను, గట్టిగా అనలేను.

మిర్యాలగూడలో రైస్ మిల్లుల వెనుక మా కిరాయి ఇల్లు. పొద్దున లేస్తే ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడికే ఆవిరి వాసన, మధ్యాహ్నం ఆరేసిన బట్టల మీద ఊక బూడిద, సాయంత్రం మిల్లు గోడ వెంట చిర్రగోనె ఆడి వచ్చే మా కాళ్ల నిండా ఆ బూడిదే. అమ్మ గడపలోనే చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడేది. మా నాయిన ఆ మిల్లుల్లో ఒకదానిలో గుమాస్తా. మిల్లు ఆఫీసులోకి కొత్త కంప్యూటర్ వచ్చినప్పుడు పాతదాన్ని రిక్షాలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. చిన్న గదిలో దాన్ని పెట్టి, అమ్మ తన పాత చీరతో దానికి ముసుగు కుట్టి, నుదుటన బొట్టు కూడా పెట్టింది. చెప్పులు బయట విడిచి గదిలోకి పోవాలి. తడి చేతులతో పోకూడదు. దాని దగ్గర తుమ్మకూడదని అక్క కనిపెట్టిన రూలు కూడా ఒకటి ఉండేది, దాన్ని చాలా రోజులు నమ్మాను.

నాయిన దాని మీద స్కూళ్లకు పరీక్ష పేపర్లు టైపు చేసేవాడు. మిల్లు నుంచి వచ్చి, ముఖం కడుక్కుని, చాయ్ తాగి కూర్చునేవాడు. ఊళ్లో నాలుగైదు ప్రైవేటు స్కూళ్ల పేపర్లు ఆ గదిలోనే తయారయ్యేవి, అందులో మా స్కూలుదీ ఉండేది. అందుకని ఒక కట్టడి పెట్టాడు. కంప్యూటర్ ఆన్ అయ్యేదాక మేం గదిలో ఉండొచ్చు. స్క్రీన్ వచ్చిందంటే బయటికి నడవాలి, తలుపు పడుతుంది. "మీ నాయిననే పేపర్ కొడతడంట గదా, నీకేం రంది" అని బడిలో పిల్లలు నన్ను ఏడిపించేవాళ్లు. నాకొచ్చే మార్కులు చూస్తే ఎవరికైనా ఆ అనుమానం తీరిపోవాలి, కానీ వాళ్లకు తీరలేదు. నాయినకు ఆ మాట పడేది కాదు. తలుపు సందులోంచి తొంగి చూసినందుకు అక్క చెవి ఒకసారి ఎర్రగా కమిలింది.

మాకు కాలాలు కూడా ఆ పేపర్లతోనే తెలిసేవి. క్వార్టర్లీ పేపర్లంటే మక్క కంకుల కాలం. గదిలో నాయిన, వంటింట్లో అమ్మ గారెలకు మక్కలు రుబ్బుతూ, బయట తంగేడు పూలకు పోయొచ్చిన అక్క చేతుల నిండా పచ్చటి పుప్పొడి. హాఫ్ ఇయర్లీ అంటే చలి. ముగ్గురం ఒకే చెద్దరు కప్పుకుని ఆ గదిలో కూర్చునేవాళ్లం, నాయిన ఒడిలో వేయించిన పల్లీలు, పొట్టు కీబోర్డు మీద పడకుండా అక్క దోసిలి. ఆన్యువల్ అంటే మామిడి పిందెలు, ఉప్పు కారం, ఊక బూడిద మీద ఎండ. ఏ కాలమైనా ఆ కంప్యూటర్ నిదానమే. మీట నొక్కితే ముందు మిక్సీలో పప్పు వేసినట్టు గరగరమనేది, తర్వాత నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు పైకి పాకేవి, తర్వాత చాలాసేపు ఏమీ ఉండేది కాదు, ఆ తర్వాత ఇసుక గడియారం బొమ్మ తిరుగుతూనే ఉండేది. అమ్మ అప్పుడే పొయ్యి మీద బియ్యం పడేసేది.

ఆ సేపట్లోనే నాయిన కథ చెప్పేవాడు. పగలంతా మిల్లులో, ఆదివారం కూడా మిల్లులో, ఇంట్లో ఉంటే తలుపు వెనక. మాకు నాయిన దొరికేది ఆ గరగరకూ స్క్రీన్‌కూ మధ్యలోనే. కథ మా తాతది. తాత నడిగూడెం మనిషి. సాగర్ డ్యామ్ కడుతున్నప్పుడు కూలికి పోయాడు. పోతూ పోతూ చంకలో ఒక కోడిపుంజును పెట్టుకుని పోయాడు, అక్కడ అమ్మి నాయనమ్మకు చీర తేవాలని. డ్యామ్ దగ్గర బండలు మోసే జనంలో ఆ పుంజు చంకలోంచి జారి ఎగిరిపోయింది. ఇక తాత దాని వెంట. ఒకనాడు అది మేస్త్రీ తట్టలో కూర్చున్నది. ఒకనాడు తెల్లారకముందే కూసి కూలీలందర్నీ లేపింది, అందరూ తాత మీద పడ్డారు. ఒకసారి పడవెక్కి కృష్ణ దాటి అవతలి ఒడ్డుకు పోయి, అక్కడ నచ్చక తిరిగొచ్చింది. తాత దగ్గర దాకా పోయి రెండు చేతులూ చాపేసరికి స్క్రీన్ వచ్చేది.

"వచ్చింది. ఇగ లేవుండ్రి" అనేవాడు నాయిన.

"కోడి దొరికిందా నాయినా?"

"రేపు సూద్దాం."

కొన్నేళ్లకు స్కూళ్లు పేపర్లలో బొమ్మలు, గళ్లు అడగడం మొదలుపెట్టాయి. దానికి కొత్త సాఫ్ట్‌వేర్ వేయాల్సి వచ్చింది, అది మునుపటి కంటే చాలా పెద్దది. కంప్యూటర్ మరీ మూలిగింది. ఇసుక గడియారం ఎంతకూ ఆగేది కాదు, కోడి ఎంతకూ దొరికేది కాదు, అమ్మ అన్నం దించి కూర కూడా వండేసేది. మాకు పండుగే. నాయిన మాత్రం పరేషాన్. పేపర్లు ఆలస్యమవుతున్నాయని స్కూళ్లవాళ్లు ఇంటికి వస్తున్నారు. అప్పుడే కోదాడ నుంచి మా మేనమామ వచ్చాడు. హైవే మీద కంప్యూటర్ షాపు ఆయనది, మాట కొంచెం ఆంధ్ర వైపు మొగ్గేది. "ఇంకో ముక్క వేసుకుంటే పరిగెడుతుంది బావా, గేమ్స్ కూడా ఆడతాయి" అన్నాడు. అమ్మ "నడుస్తున్నదాన్ని కెలుకుడెందుకు" అంది. నాయిన అవునన్నాడు. మర్నాడు కాదన్నాడు. వారమంతా మీసం దువ్వుకుంటూ అటూ ఇటూ తిరిగాడు. అంత చిన్న పట్టీ గురించి అంత ఆలోచనేమిటో నాకప్పుడు అర్థం కాలేదు. గేమ్స్ మాట విన్న దగ్గర్నుంచి నేనూ అక్కా మాత్రం నాయిన ప్రాణం తోడేశాం.

మామ మళ్లీ వచ్చినప్పుడు ర్యామ్ తెచ్చాడు. పాతదాని పళ్లు తుడవడానికి నా రబ్బరే తీసుకున్నాడు, ఇదే వాసన. రెండూ బిగించి మీట నొక్కితే, మేం చాప మీద సర్దుకుని కూర్చునేలోపు స్క్రీన్ వచ్చేసింది. మామ చప్పట్లు కొట్టాడు. మేమూ కొట్టాం.

మర్నాడు సాయంత్రం చెప్పులు విడిచి గదిలోకి పోయాం. నాయిన మీట నొక్కాడు. "ఆ రోజు కోడి బండల సాటుకు..." అన్నాడు. స్క్రీన్ వచ్చింది. నాయిన దాని వైపు చూశాడు, మా వైపు చూశాడు. మేమే లేచి బయటికి వచ్చాం, కట్టడి కదా. ఆ తర్వాత కొన్నాళ్లు పోతూనే ఉన్నాం గానీ ఒక్క వాక్యం కూడా పూర్తయ్యేది కాదు. గేమ్స్ ఆడటానికి నాయిన ఎలాగూ ఒప్పుకోలేదు. కంప్యూటర్ మళ్లీ పాతబడాలని, ఎక్కడో ఒకచోట చెడిపోవాలని నేను గట్టిగా కోరుకున్న రోజులున్నాయి. అది మొండిది, చెడిపోలేదు. కోడి ఆ బండల చాటునే ఉండిపోయింది.

ఇప్పుడు నాయిన నా దగ్గరే సూర్యాపేటలో ఉంటాడు. సాయంత్రాలు సెంటర్‌కొచ్చి మూల కుర్చీలో పేపరు చదువుకుంటాడు. అన్వర్ భాయ్ పట్టీని మళ్లీ బిగించి, "రేపు చెప్పు అన్నా" అని వెళ్లిపోయాక అడిగాను.

"నాయినా, కోడి దొరికిందా?"

"ఏ కోడి?"

"సాగర్ కోడి."

నాయిన పేపరు దించి నవ్వాడు. "మా నాయిన సాగర్‌కు పోయింది నిజం. కోడి నేను పెట్టిన. అది దొరికితే కథ ఖతమైతది గదరా. తెల్లారి మీరెందుకొస్తరు?"

కథలో కోడి కోసం మేమే కాచుకుని ఉన్నామని ఇన్నేళ్లూ అనుకున్నాను. "మరి ర్యామ్ ఏసినంక ఎందుకు ఆపినవ్?" అన్నాను.

నాయిన పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. "కూసునేలోపట్నే వచ్చేది. ఊకె పిలిచి కూసోబెట్టుకుంటె ఏం మాట్లాడాల్నో తెలుస్తలేకుండె. మా నాయిన నాతోని ఎన్నడు గట్ల కూసోలే. మిషన్ లేటయితుంటే నాకు బాగుండేది."

మాట మార్చడానికి, "ఇప్పుడు దీనికి ర్యామ్ ఏయించాల్నా, వద్దా?" అని అడిగాను. "ఏయించు, దుకాణం నడవొద్దా" అన్నాడు. కాసేపాగి, "ఏమో మరి" అన్నాడు.

వేయించాను. హాల్ టికెట్ల రోజులు, తప్పలేదు. ఇప్పటి కంప్యూటర్లలో ఆ గరగర లేదు, పైకి పాకే తెల్ల అక్షరాలు లేవు, ఇసుక గడియారం బొమ్మ నా బిడ్డ చూసి ఎరగదు. మిర్యాలగూడలో ఆ కిరాయి ఇల్లు పోయి గోడౌన్ వచ్చింది. మామ షాపులో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. అక్క మేళ్లచెరువులో టీచర్. పరీక్ష పేపర్లు తన ఫోన్లోనే చేసి పంపిస్తుంది.

ర్యామ్ వేయించిన మర్నాడు బడి నుంచి బిడ్డ వచ్చింది. రోజూలాగే బ్యాగు కింద పడేసి నా పక్క స్టూలెక్కింది. మీట నొక్కాను. "డాడీ, ఇయ్యాల మా క్లాసుల ఏమైందంటే..." అని మొదలుపెట్టింది. స్క్రీన్ వచ్చేసింది. బిడ్డ దాని వైపు చూసి, మాట ఆపి, స్టూలు దిగింది.

"వచ్చింది డాడీ. నువ్వు పని చేస్కో."

మూల కుర్చీలో నాయిన పేపరు దించాడు. గుమ్మం దగ్గర ఎవరో హాల్ టికెట్ అంటున్నారు. ఏది ముందో, ఏది తర్వాతో నాకు నిజంగా తెలియలేదు. చేయి చాపి మానిటర్ మీట నొక్కేశాను, తెర నల్లబడింది.

"ఇంకా రాలేదు బిడ్డా, టైం పడ్తది" అన్నాను. "క్లాసుల ఏమైంది?"