తలూపిన అమ్మాయి

హిందూపురంలో జనమంతా దిగిపోయాక బెంగుళూరు నుంచి వస్తున్న ఆ రైలు పెట్టెలో నేనూ, ఎదురు సీటు అమ్మాయీ మిగిలాం. ఆమె మెడలో ఇంకా ఆఫీసు కార్డు వేలాడుతోంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. సాఫ్ట్‌వేర్ టీములకు ట్రైనింగు ఇవ్వడం నా ఉద్యోగం. సోమవారం క్లాసుకు ప్లాను రాసుకుంటుంటే ఆమె వంగి చూసి, అన్నిటికన్నా కింద ఉన్న ‘సందేహాలు’ అనే మాట మీద వేలు పెట్టింది.

“ఇది దండగక్కా. చివర్లో అర్థమైందా అంటారు. అందరూ తలూపుతారు. నేనూ ఊపుతా. మళ్లా సీట్లో కూచుంటే ఏమీ తెలీదు. అడుగుదామంటే ఆడ నాకెవురుండారు?”

నాకు ఒళ్లు మండింది. “తెలీకుంటే నోరు తెరిచి అడగల్ల గదా!” అన్నాను.

“అందరూ తెలిసినోళ్ల మాదిరి కూచోనుంటే ఎట్లడిగేదక్కా?” అని కిటికీ వైపు తిరిగిపోయింది.

ఆ తర్వాత ఏ క్లాసులోనూ నేను ‘అర్థమైందా’ అని అడగలేదు. “ఏదీ, చేసి చూపించు” అని పక్కన కూర్చుంటాను.

కానీ ఆరోజు పెనుకొండ వచ్చాక ఆమె దిగడానికి సంచి అందుకుంటుంటే, ఏదో ఒకటి అనాలి కదా అని, “బెంగుళూరులో బాగుండావా పాపా?” అని అడిగాను.

నవ్వుతూ తలూపింది.