డ్రమ్ములో ఆగని మోటారు

చాలా ఏళ్ల కిందట, బందరు నుంచి కోడూరు వెళ్ళే బస్సులో నా పక్కనున్నాయన మోకాళ్ల మధ్య గోనెసంచి చుట్టిన పడవ మోటారు ఉంది. బాగు చేయించారా అని అడిగాను.

“ఏం బాగండీ! సముద్రంలో స్లో చేస్తే చాలు, ఆగిపోద్ది. మొన్న మా బావ నీళ్లల్లో పడ్డాడు. ఎక్కించుకుందామని దగ్గరికెళ్లి స్లో చేశాను, ఆగిపోయింది. తాడు ఎంత లాగినా అంటుకోదు. ఆయనేమో కొట్టుకుపోతున్నాడు.”

“అయ్యో, మరి?”

“వేరే పడవోళ్లు తీశారండి. నేను కావాలనే ఆపేశానని బావ ఊరంతా చెబుతున్నాడు. దానంతటదే ఆగిపోవడం కళ్లతో చూస్తే నమ్ముతాడని ఇయ్యాళ బతిమాలి మెకానిక్కు దగ్గరికి తీసుకొచ్చాను. అతను దీన్ని నీళ్ల డ్రమ్ములో పెట్టి స్టార్ట్ చేశాడు. స్లోలో ఎంత చక్కగా తిరిగిందనుకున్నారు! కార్బొరేటరు విప్పి చూసి ఏ లోపమూ లేదన్నాడు. బావ ఎదురుగానే అన్నాడండి.”

ముందు సీటు వైపు గడ్డంతో చూపించాడు. అక్కడ తువ్వాలు కప్పుకున్న మనిషి కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. నాకు మోటార్ల సంగతి తెలియదు.

కోడూరులో ఆ మనిషి వెనక్కి తిరగకుండా దిగి వెళ్ళిపోయాడు. మోటారు దింపడానికి నేనొక చెయ్యి వేశాను.

“డ్రమ్ములో ఒక్కసారి ఆగిపోయుంటే బాగుండేదండీ,” అన్నాడాయన.